పాటుకు దిగినవాళ్ళు

కాకినాడ జగన్నాథపురం వంతెన దాటి యానాం పోయే బస్సులో ఎడమవైపు కిటికీ దొరికితే, చొల్లంగి దగ్గర ఉప్పు మళ్ళు, వాటి వెనక పొట్టి చెట్ల పచ్చటి బారు కనిపిస్తాయి. తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ. యానాం బస్సులో మగవాళ్ళ ధ్యాసంతా అక్కడ చవగ్గా దొరికే సీసాల మీదే ఉంటుందని మా వైపు హాస్యం. ఆ పొట్టి చెట్ల బారే కోరంగి మడ అడవి. 1978లో అభయారణ్యం అయింది. రికార్డుల్లో 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయలు సముద్రంలో కలిసే మొగల దాకా పరుచుకుని ఉంది. నాకు తెలిసింది మాత్రం దాని ఉత్తరపు కొస. ఒకపక్క కాకినాడ రేవు కాలువ, బార్జీలు, గోదాములు. ఇంకోపక్క బురద. ఆ రెంటి మధ్య ఇరుక్కున్న ముక్క మీదే మా నాన్నమ్మ తరం బతికింది.

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది. దాన్ని చూసి కదిలేది బడికి వెళ్ళే నేనొక్కణ్ణే. నాన్నమ్మకి పోటూ పాటూ, అంటే నీళ్ళు రావడమూ తీయడమూ, లెక్క. ఇవాళ నీళ్ళు ఏ వేళకి తీస్తే, రేపు అంతకంటే ముప్పావుగంట దాటాక తీస్తాయి. అందుకని ఈ వారం తెల్లవారుజామున బయల్దేరిన ఆడవాళ్ళు పై వారం మిట్టమధ్యాహ్నం బయల్దేరేవారు. అన్నం వండే వేళ, కునుకు తీసే వేళ, చంటిపిల్లకి పాలిచ్చే వేళ, అన్నీ దానితోపాటే జరుగుతూ పోయేవి. నీళ్ళు తీశాక బురదలోకి దిగాలి, పోటు తిరిగేలోపు మోపు కట్టుకుని గట్టెక్కాలి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా లోపలికి తీస్తాయి, అంత జోరుగానూ తిరిగొస్తాయి. ఆ రోజుల్లో ఆలస్యం చేస్తే కాలువలు నిండిపోయి దారి ఉండదు. చెట్టెక్కి కూర్చోవడమే. మా చిన్నత్త ఒకసారి అలా దిగడిపోయి, చీకటి పడిపోవడంతో తెల్లారేదాకా కొమ్మ మీదే ఉండిపోయింది. దోమలు తప్ప ఇంకేవీ తనని భయపెట్టలేదనేది. దోమల గురించి మాత్రం బతికున్నన్నాళ్ళూ చెప్పింది.

బయటివాళ్ళకి మడలో చెట్లన్నీ ఒకటే. అక్కడ పనిచేసేవాళ్ళకి దేని పని దానిదే. తెల్ల మడ ఆకు తిరగేస్తే కిందివైపు వెండి రంగు. నాలుక ఆనిస్తే ఉప్పన. పీల్చిన నీళ్ళలోని ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదికి నెట్టేస్తుంది. గేదెలకి ఆ ఆకంటే ప్రాణం, పాడి ఉన్న ఇంటికి రోజూ ఒక మోపు కావాలి. నల్ల మడ పొయ్యిలోకి. ఉప్పు పొన్న కొయ్య గట్టిది, పాక వాసాలకీ వలలు కట్టే గుంజలకీ అదే. దాని బెరడుని పెద్ద కాగులో ఉడకబెట్టి, ఆ ఎర్రటి కషాయంలో నూలు వలలు ముంచి ఆరేసేవారు, ఉప్పునీళ్ళకి కుళ్ళకుండా. నైలాను వలలు వచ్చాక ఆ కాగులు పెరట్లో బోర్లాపడ్డాయి. తిల్ల చెట్టు జోలికి మాత్రం ఎవరూ పోయేవారు కాదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని, పొరపాటున కొడవలి తగిలితే ముందు మొహం పక్కకి తిప్పుకోవాలని, నడక వచ్చిన పిల్లలకి మొదట చెప్పే పాఠాల్లో అదొకటి.

బురదలోంచి పైకి పొడుచుకొచ్చే సన్నటి వేర్లు చెట్టుకి గాలి అందించడానికని కాలేజీలో చదువుకున్నాను. అంతకుముందు నాకు తెలిసిందల్లా అవి అరికాలిని చీలుస్తాయని. చెప్పులేసుకుంటే బురద లాగేసుకుంటుంది, మళ్ళీ దొరకవు. నాన్నమ్మ అరికాళ్ళని మేం పిల్లలం గోటితో గీరి చూసేవాళ్ళం, ఏమైనా తెలుస్తుందా అని. తెలిసేది కాదు.

తాతది రేవు పని. కాకినాడ తీరం లోతు లేనిది. గోదావరి తెచ్చిపోసే ఒండ్రు ఒకపక్క, అడ్డంగా సాగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఇంకోపక్క. దిబ్బ ఉండబట్టి అఖాతంలో నీళ్ళు నెమ్మదిగా ఉండేవి గానీ, పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. దూరాన లంగరు వేసుకుని నిలబడితే సరుకంతా నావల్లోనూ బార్జీల్లోనూ కాలువ గుండా మోయాలి. ఓడ వచ్చిందంటే రాత్రీ పగలూ పని, చేతినిండా డబ్బు. రాకపోతే వారాలకి వారాలు ఖాళీ. తుఫాను నెలల్లో మరీను. ఆ ఖాళీ రోజుల్లో ఇల్లు నడిపింది మడ. నాన్నమ్మ కట్టెల మోపు జగన్నాథపురం తీసుకెళ్ళి హోటళ్ళలో వేసేది, వచ్చేటప్పుడు కొంగున బియ్యం మూటతో వచ్చేది. ఇప్పుడు ఎక్కడ చర్చ జరిగినా రేవు ఒక పక్షం, అడవి ఒక పక్షం అన్నట్టు మాట్లాడతారు. మా ఇంట్లో రేవు తాతది, మడ నాన్నమ్మది. పొయ్యి ఒకటే.

రేవన్నది కూడా మా వైపు ఒకచోట నిలబడింది కాదు. కాకినాడకి ముందు పెద్ద రేవు కోరంగే. ఓడలు కట్టిన ఊరు, బర్మాకి జనాన్ని ఎక్కించిన ఊరు. రంగూన్‌లో మనవాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన ఆ ఊరిని మళ్ళీ లేవకుండా కొట్టేసింది. ఒండ్రు కూడా పూడుకుంటూ వచ్చింది. రేవు కాకినాడకి జరిగిపోయింది. పక్కనున్న తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే పనితనం మాత్రం ఆ తర్వాతా చాలాకాలం బతికింది. నేను చిన్నప్పుడు చూశాను, ఒడ్డున ఎత్తుగా నిలబెట్టిన పక్కటెముకల కింద వడ్రంగులు నీడకి కూర్చుని చుట్టలు కాల్చుకోవడం.

మా ఊళ్ళో ఆనవాలు కూడా మిగలకుండా పోయిన పని గుల్ల తీయడం. అఖాతంలో బురద నేల మీద గుల్లలు, పల్చటి ఆల్చిప్పలు పొరలు పొరలుగా పడి ఉండేవి. పాటు తీసినప్పుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళతో తడమడం, తగిలినచోట మునిగి చేతులతో తోడి నావలో పోయడం. మగా ఆడా పిల్లా అందరూ దిగేవారు. లోపలి మాంసాన్ని మావాళ్ళు పెద్దగా తినేవారు కాదు, చిప్పే సరుకు. నావ నిండాక ఒడ్డున కుప్ప పోసేవారు. కుప్ప వాసన రెండు వీధుల అవతలికి తెలిసేది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు ముక్కు మూసుకుంటే, మూడో నెలకి అలవాటైపోతుందిలే అని నవ్వేవారు.

బట్టీలో ఒక వరస గుల్ల, ఒక వరస బొగ్గు పేర్చి కాల్చేవారు. రాత్రంతా ఎవరో ఒకరు కాపలా. పొద్దున్న బూడిద దులిపి నీళ్ళు చల్లగానే గుల్ల బుస్సుమని పొగలు కక్కి పొడిపొడిగా రాలిపోయేది. ఆ దరిదాపులకి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. మేం వెళ్ళేవాళ్ళం. మెత్తగా జల్లించిన సున్నం తాంబూలానికి, ముతకది గోడలకి. ధనుర్మాసం వచ్చిందంటే బట్టీలకి తీరికుండేది కాదు. సంక్రాంతికి వెల్ల వేయని ఇల్లంటే అశుభం జరిగిన ఇల్లే అనుకునే రోజులు. ఈ పనిలో ముసలివాళ్ళైన ఆడవాళ్ళ వేళ్ళు సున్నం తినేసి నున్నగా ఉండేవి. మా నాన్నమ్మ చెల్లెలికి పెన్షను కాగితం మీద వేలిముద్ర పడేది కాదు. ఇంకు రాసి నొక్కితే నల్లటి మచ్చ, గీతలు లేవు. ఆవిడ దాన్ని గొప్పగా చెప్పుకునేది, నన్నెవడూ పట్టుకోలేడని. డిస్టెంపర్లు వచ్చి గోడల బేరం పోయింది. రొయ్యల చెరువులకి సున్నం కావలసి వచ్చిన కాలంలో బట్టీలు మళ్ళీ కాస్త వెలిగాయి గానీ, అప్పటికే రాతి సున్నం బస్తాల్లో లారీల మీద దిగుతోంది.

పీత పట్టడం అందరికీ చేతనయ్యేది కాదు. మా పెద్ద మావయ్యకి వచ్చు. కొసన కొక్కెం ఉన్న పొడవాటి ఇనప కడ్డీ ఒక్కటే ఆయన సామాను. బురదలో బిలం ముందు పడ్డ మట్టి తాజాగా తడిగా ఉంటే లోపల మండ పీత ఉన్నట్టు. ఆరిపోయి అంచులు విరిగి ఉంటే ఖాళీ బిలమో, పామో. కడ్డీ లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తడితే పీత కొక్కేన్ని కరిచి పట్టుకుంటుంది. వదిలిపెడితే దానికి ఏ ప్రమాదమూ లేదు, కానీ వదలదు. బయటికి లాగి కాలితో డొప్ప మీద నొక్కిపట్టి రెండు డెక్కలూ నారతో కట్టేయాలి. ఆ కట్టడంలోనే ఉంది విద్యంతా. మావయ్య కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది, విద్య నేర్చుకునే రోజుల్లో పోయిందట.

"మావయ్యా, లోపలున్నది ఆడదా మగదా?" అని అడిగితే, "నువ్వే అడుగు, నీకేమైనా చెబుతుందేమో" అనేవాడు. కానీ ఆయనకి తెలుసు. లాగకముందే అనేవాడు, లాగాక అదే అయ్యేది. వెన్నెల రోజుల పీత బోలుగా ఉంటుందని, అమావాస్య దగ్గర పడ్డ పీతలోనే గుజ్జు ఉంటుందని మా వైపు గట్టి నమ్మకం. కొనేవాళ్ళు తిథి అడిగి మరీ బేరమాడేవారు. మావయ్యకి మడలో పోటీ బావురు పిల్లి. బొమ్మిడాయిల కోసం కట్టిన వలల్లో చెయ్యి పెట్టేది అదే. రాత్రి దాని అడుగులు బురద మీద కనిపిస్తే పొద్దున్న ఆయన తిట్లు ఊరంతా వినబడేవి. ఇప్పుడు ఆ పిల్లి బొమ్మ అభయారణ్యం బోర్డుల మీద ఉంది. దాన్ని చూడటానికి విదేశాల నుంచి వస్తారు. మావయ్య ఉంటే ఏమనేవాడో రాయదగ్గ మాట కాదు.

దసరా వెళ్ళి తూర్పు గాలి తిరిగాక గోదావరి మొగల్లో చీరమీను పడేది. సన్నటి గుడ్డతో తప్ప ఆగని చేప పిల్లలు. సోలతో కొలిచి అమ్మేవారు. అది తిన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తిననివాళ్ళకి చెప్పినా తెలీదు. పుష్యమాసం చివర చొల్లంగి అమావాస్య. సప్తసాగర యాత్రకి అక్కడే మొదటి మునక, ఆఖరిది భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో. ఎడ్లబళ్ళ మీద రాత్రే వచ్చి దిగేవారు యాత్రికులు. వాళ్ళ వంటలకి మడ కట్టెలు అమ్మడం మా వీధి ఆడవాళ్ళ హక్కులాంటిది. ఆ ఒక్కరోజూ కట్టెకి బేరం లేదు, అడిగినంత ఇచ్చేవారు. స్నానానికొచ్చి బేరమాడితే పుణ్యం తగ్గుతుందని నాన్నమ్మే ఎవరికో చెప్పి పుట్టించిందని నా అనుమానం.

నిజం చెప్పాలంటే మావాళ్ళు చెట్టుని దేవుడిలా చూసుకుని బతికినవాళ్ళేం కాదు. కొట్టారు. గేదెల మందల్ని తోలారు. మందలు నెలల తరబడి లోపలే ఉండిపోయి మొలకలు మొలకలుగా తినేశాయి. ఊళ్ళు పెరిగాయి, మోపులు పెరిగాయి. అలాగే సాగితే మా కొస మీద ఇవాళ ఏమీ మిగిలేది కాదని నాకు తెలుసు. అయితే మోపుకీ కూపుకీ తేడా ఉంది. అభయారణ్యం కాకముందు ఈ మడలో కూపులు వేలం పాడుకునేవారు. కాంట్రాక్టరు ఒక ముక్కంతా నేలమట్టంగా నరికి కట్టె పట్టుకుపోయేవాడు. అలా బోడిచేసిన నేల ఎండకి ఎండి కుంగుతుంది. పోటు నీళ్ళు వచ్చి ఆ పల్లంలో నిలిచిపోతాయి. బయటికి దారి ఉండదు, ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది, ఏడాదికేడాది పేరుకుంటుంది. అందులో మడ విత్తనం కూడా మొలవదు. మడకి ఉప్పు కావాలనుకుంటాం. దానికి కావలసింది వచ్చిపోయే నీళ్ళు. తర్వాత్తర్వాత ఆ బోడి మచ్చలన్నిటికీ కారణం గేదెలూ కొడవళ్ళూ అని రిపోర్టుల్లో చదివినప్పుడు, కూపు మాట ఏ మూలనో ఒక్క వాక్యంలో కనిపించేది.

1978 తర్వాత ఒక్కరోజులో ఏదీ మూతపడలేదు. ముందు పచ్చికొమ్మ కొట్టడం ఆగింది, ఎండుపుల్లలు ఏరుకోవడం సాగింది. తర్వాత అదీ తగ్గింది. కిరసనాయిలు పొయ్యిలు, గ్యాసు వచ్చి కట్టె కొనే హోటళ్ళు కూడా తగ్గాయి. నిషేధం ఎంత, గ్యాసు బండ ఎంత అని విడదీసి చెప్పలేను. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీలు లేచాయి. 1997లో లోతు రేవు తెరుచుకుంది, ఓడలు నేరుగా బెర్తు దగ్గరికే వచ్చాయి. గోడ, గేటు, గుర్తింపు కార్డు వచ్చాయి. బార్జీలు పోలేదు, ఇప్పటికీ దూరాన నిలబడ్డ ఓడలకి బియ్యం బస్తాలు మోస్తున్నాయి. కానీ ఓడ వచ్చిందని కబురు అందితే కండువా భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయే రేవు కాదది. పాతికేళ్ళు తిరక్కుండా ఒకే ఇంటికి రెండు వాకిళ్ళూ మూసుకున్నాయి.

ఆ మధ్యలో వచ్చింది టైగరు రొయ్య. 1990ల మొదట్లో చెరువుల వాళ్ళు సహజంగా దొరికే రొయ్య పిల్లకి ముక్కకింత అని డబ్బిచ్చేవారు. కాలువల్లో, మొగల్లో దోమతెర వలలు పట్టుకుని పిల్లలూ ఆడవాళ్ళూ దిగారు. తెల్ల పళ్ళెంలో పోసి చెంచాతో టైగరు పిల్లల్ని ఏరి, మిగతా చేప పిల్లల్ని ఒడ్డున పారబోసేవారు. ఆ పారబోసినది మరుసటి ఏటి చేప. అప్పుడు ఎవరికీ ఆ ఆలోచన లేదు, ఉన్నా చేతిలో డబ్బు ఆడుతోంది. మడ పక్క ఉప్పుమళ్ళూ వరిచేలూ చెరువులయ్యాయి. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఎండగట్టారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు రొయ్య పిల్లకీ వేటకీ వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మడ దట్టంగా ఉన్న వెనక ఊళ్ళలోకి సముద్రం తక్కువగా వచ్చిందని ఆ తర్వాత అందరూ అన్నారు. మావాళ్ళు ముందునుంచీ అనేవారు, ఎవరూ అడగలేదు. ఆ డిసెంబరులోనే తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది.

స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్ళు అటవీ శాఖతో కలిసి ఆ బోడి నేలల్ని బాగుచేయడానికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఉప్పు పేరుకున్న పల్లాల్లోకి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్ల కాలువలు. పోటు నీళ్ళు లోపలికి వచ్చి, పాటుతో ఉప్పుని కడుక్కుని పోతాయి. రెండు మూడు వానాకాలాలకి మొక్క నిలబడింది. తవ్విందెవరు? మోపులు మోసినవాళ్ళే, కూలికి. మా చిన్నత్త అక్కడ మేస్త్రీ. ఏ పల్లంలోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో ఆవిడకి తెలుసు, లెవెలింగు మిషను కంటే ముందు చెప్పేసేదని ఇంజనీరు కుర్రాడు ఆశ్చర్యపోయేవాడట. ఆవిడ ఆశ్చర్యపోయింది, కాలువ తవ్వడానికి ఇంత చదువుకోవాలా అని.

ఇప్పుడు కోరంగిలో చెక్క వంతెన మీద నడుస్తూ బురద అంటకుండా మడ చూడొచ్చు. బాగుంది. ఆదివారాలు కాకినాడ నుంచి పిల్లల్ని తెచ్చి చూపిస్తారు, ఆ పిల్లల్లో కొందరైనా ఉప్పు ఆకు నాకి చూస్తారని నా ఆశ. కానీ రేవుకి ఆనుకున్న దుమ్ములపేట వైపు ముక్కకి అంత అదృష్టం లేదు. 2020లో ఇళ్ళ స్థలాలకని అక్కడ మడ కొట్టి నేల చదును చేశారు. వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. ఊరికి దగ్గరగా ఉండి, పేరున్న సరిహద్దుకి బయట పడ్డ మడ ఎప్పుడూ ముందు పోతుంది.

మావయ్య కొడుకు పీతల కమీషను కొట్టు నడుపుతున్నాడు. పట్టేవాళ్ళు తగ్గారు, ధర పెరిగింది. వచ్చిన పీతల్ని కాటా మీద పెట్టి, గుడ్డున్న ఆడవి ఒక బుట్ట, పెద్ద మగవి ఒక బుట్ట, మిగతావి ఒక బుట్ట. తడి గోనె కప్పి రాత్రికి రాత్రి చెన్నై పంపిస్తాడు, అక్కణ్ణుంచి ప్రాణంతోనే విమానం ఎక్కుతాయి. డెక్క ఊడినవి ఎగుమతికి పనికిరావు. వాటిని పక్కన పడేస్తాడు, సాయంత్రం ఇంట్లో కూరకి. మొన్న వెళ్ళినప్పుడు నాకూ అవే పులుసు పెట్టారు, పచ్చి చింతకాయ దంచి వేసి. "నిండు పీత తినాలంటే సింగపూర్ పోవాలి బావా" అన్నాడు. నేను మావయ్య కాలంలో మేం తిన్నవీ డెక్క ఊడినవే కదరా అన్నాను, నిండువి జగన్నాథపురం బజారుకి పోయేవని. వాడు కాసేపు లెక్క వేసుకున్నట్టు చూసి, "అయితే మనింట్లో ఎవరూ తినలేదన్నమాట" అని, ఇంకో గరిటె పులుసు వడ్డించమని లోపలికి కేకేశాడు.